భయం ఒక్కటి ఎక్కలేదు

గుండ్లవాగు బొగ్గుగని కొత్త కంప్యూటర్ సిస్టమ్‌కు మారబోతోంది. గనిలో ఉన్న ప్రతి పరికరం, ప్రతి యాప్ ఆ కొత్త సిస్టమ్‌లో సరిగ్గా నడుస్తుందో లేదో చూసి చెప్పే పని సమతకు అప్పగించారు. ఆమె పరీక్షలకు పాత క్యాంటీన్ హాలు ఇచ్చారు. ఒకప్పుడు ఇడ్లీ పాత్రలు పెట్టిన అరుగుల మీద ఇప్పుడు గ్యాసు మీటర్లు, గాలి ఫ్యాన్ల కంట్రోలు పెట్టెలు, బెల్టు నడిపే మీటల బోర్డులు వరుసగా ఉన్నాయి. గోడలకు సాంబారు వాసన ఇంకా వదల్లేదు.

పాత సిస్టమ్‌ను తయారుచేసినవాళ్లే వదిలేశారు. పోయిన వానాకాలం ఎవరో బయటివాళ్లు దానిలోకి చొరబడి, పక్క గనిలో గాలి ఫ్యాన్లు ఆపేశారు. లోపల షిఫ్టు మొత్తం ఉంది. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు గానీ, పైకి వచ్చినప్పుడు వాళ్ల పెదవులు నేరేడుపళ్లలా ఉన్నాయి. ఆ రోజు అక్కడ నిలబడి చూసినవాళ్లలో డిప్యూటీ జనరల్ మేనేజర్ శేషగిరి ఒకడు. అప్పటినుంచి ఫోన్ మోగితే ఆయన ముందు గాలి ఫ్యాన్లు తిరుగుతున్నాయా అని అడిగేవాడు.

"తొందరగా మార్చేయాలమ్మా. ఇంకోసారి అలాంటిది జరిగితే చూసే ఓపిక నాకు లేదు" అని ఆయన సమతతో రోజూ అనేవాడు.

సమత తొందరపడలేదు. ఒక రకం గ్యాసు మీటర్లు కొత్త సిస్టమ్‌తో అసలు మాట్లాడలేదు. వాటిని మార్పించింది. హాజరు యాప్ తెలుగు పేర్లన్నింటినీ ఖాళీ డబ్బాలుగా చూపించింది. దాన్ని తిరిగి రాయించింది. చివరికి మిగిలింది ఒక్కటే, శిలాశ్రవణి.

అది బియ్యపు గింజంత ఉంటుంది. లోపల పనిచేసే ప్రతి మనిషికీ చెవి వెనక, చర్మం కింద అమర్చి ఉంటుంది. గని పైకప్పులోకి దిగగొట్టిన ఇనుప చువ్వలు బండ లోపలి కదలికలను వింటాయి. చెవికి అందని ఆ మూలుగు కార్మికుడి తలమీది టోపీ ద్వారా గింజకు చేరుతుంది. గింజ నరాన్ని తాకుతుంది. మెడ మీద ఏదో పాకినట్టయి, మనిషికి ఎందుకో తెలియకుండానే గుండె ఝల్లుమని కాళ్లు వెనక్కి పడతాయి. బండ కూలేది ఆ తర్వాత. కార్మికులు దాన్ని పురుగు అనేవాళ్లు. పురుగు వచ్చిన తొమ్మిదేళ్లలో గుండ్లవాగులో పైకప్పు కూలి ఒక్కరూ చనిపోలేదు.

దాన్ని కొత్త సిస్టమ్‌లో మొదట ఒక్క మనిషి మీద పరీక్షించాలి. అదే గనిలో లోపల పనిచేసే సమత వాళ్ల అన్న రాజేశం ముందుకొచ్చాడు. పురుగు మొదటిసారి అమర్చినప్పుడు కూడా ముందు చెయ్యి ఎత్తింది అతనే.

"వేరేటోళ్ల మెడ ఎందుకే, నాది చూడు. నువ్వు చూస్తున్నవంటే నాకు ధైర్యమే" అన్నాడు.

క్యాంటీన్ హాల్లో కుర్చీలో కూర్చోబెట్టి టోపీ పెట్టింది. కొత్త ప్రోగ్రాం గింజలోకి ఎక్కింది. ఇదివరకు బండలు కూలినప్పుడు రికార్డు చేసి దాచిన మూలుగులను ఒక్కొక్కటిగా పంపింది. పంపిన ప్రతిసారీ రాజేశం చెయ్యి ఎత్తాడు. ఒక్కటి కూడా తప్పలేదు. పాత సిస్టమ్‌లో అందని సన్నని కదలికలకు కూడా ఎత్తాడు.

"ఎట్లుందన్నా?"

"మంచిగున్నది. పాకుతాంది, తెలుస్తాంది. ఇదివరకటి లెక్క ఒళ్లు జలదరిస్తలేదు. హాయిగున్నది."

తెర మీద అన్ని వరుసలూ ఆకుపచ్చగా వెలిగాయి. శిలాశ్రవణి సరిపోతుందని సమత ఆమోదం నొక్కింది. రాజేశాన్ని వారం పాటు పైన పనుల్లోనే ఉంచి చూడమంది. అన్న గేటు దాటి, కూని రాగం తీసుకుంటూ బండి ఎక్కి వెళ్లాడు. వెళ్తూ అటూ ఇటూ చూడకుండా రోడ్డు మీదికి మళ్లించాడు. బొగ్గు లారీ ఒకటి కీచుమని బ్రేకు కొట్టింది. లారీ డ్రైవర్ బూతులు తిట్టాడు. రాజేశం అతనికి చెయ్యి ఊపి పోయాడు.

మూడో రోజు వదిన భాగ్య ఫోన్ చేసింది.

"సమతా, ఒకసారి ఇంటికి రారాదు."

"ఏమైంది వదినా?"

"ఏం కాలె. కానీ మీ అన్న తీరు చూస్తే నాకు బుగులైతాంది."

ఆదివారం పొద్దున సమత కార్మికుల క్వార్టర్లకు వెళ్లింది. అన్నవాళ్లది మూడో అంతస్తు. భాగ్య తలుపు తీసింది. రాత్రులు నిద్ర లేనట్టు కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. మంచినీళ్లు చేతికిస్తూనే చెప్పడం మొదలుపెట్టింది.

"మొన్న కరెంటు వైరు తెగి వాకిట్ల పడ్డది. అందరూ దూరం ఉరికిన్రు. ఈయన నడుసుకుంట పోయి కట్టెతోని పక్కకు జరిపిండు. కట్టె తడిగున్నది సమతా. నేను కేక పెడితే నవ్విండు. నిన్న పెద్ద ఉరుము ఉరిమింది. చిన్నప్పటి సంది ఉరుమంటే దుప్పటి కప్పుకునే మనిషి, కిటికీ కాడ నిలబడి చూసిండు. తాగిండా అనుకున్న. తాగలె. కోపం లేదు, కొట్లాట లేదు. ఇంతకుముందుకన్న మంచిగ మాట్లాడుతాండు. అదే నాకు..."

మాట పూర్తి కాలేదు. "లాస్య ఏది?" అంది భాగ్య, కూతురి కోసం చుట్టూ చూసి.

"నాయినతోని డాబా మీదికి పోయింది గదా" అని తనకు తానే జవాబు చెప్పుకుని, అంతలోనే పరుగెత్తింది. సమత వెనకే మెట్లెక్కింది.

డాబా మీద ఎండ మండుతోంది. ఐదేళ్ల లాస్య పిట్టగోడ మీద నిలబడి ఉంది. చేతులు చాపి, ఒక పాదం ముందు ఇంకో పాదం వేస్తూ నడుస్తోంది. అవతల కింద సిమెంటు నేల. రాజేశం రెండు గజాల దూరంలో నీళ్ల ట్యాంకుకు ఆనుకుని కూర్చుని చప్పట్లు కొడుతున్నాడు.

"శబాష్ బిడ్డా! ఇంకొంచెం, ఆ మూల దాక పో!"

భాగ్య అరవలేదు. అరిస్తే పిల్ల ఉలిక్కిపడుతుందని తెలుసు. చెప్పులు విడిచి, పిల్లి నడిచినట్టు నడిచి వెళ్లి, పిల్ల నడుం పట్టుకుని లాక్కుంది. లాక్కున్నాక ఇద్దరూ కలిసి నేల మీద కూలబడ్డారు. అప్పుడు అరిచింది. ఆ అరుపుకు కింద కుక్కలు మొరిగాయి.

"పడదులేవే. మంచిగనే నడుస్తాంది గదా" అన్నాడు రాజేశం. అతని ముఖంలో తప్పు చేసిన జాడ లేదు, కంగారు లేదు. భార్య ఎందుకు ఏడుస్తుందో అర్థం కాక ఆమె వీపు నిమురుతున్నాడు.

సమత అన్న ఎదుట మోకాళ్ల మీద కూర్చుంది. "అన్నా, అది పడితే ఏమైతది?"

"సస్తది" అన్నాడు వెంటనే.

"తెలుసు గదా నీకు?"

"తెల్వకేంది?"

"మరి లేచి పట్టుకోవాలనిపించలేదా?"

రాజేశం నిజంగానే ఆలోచించాడు. అన్న ఎప్పుడూ తనతో అబద్ధం ఆడలేదు. "అనిపియ్యలె చెల్లె" అన్నాడు. "అనిపియ్యాల్నా?"

సమత లేచి, అన్న చెయ్యి పట్టుకుని మెట్ల వైపు నడిపించింది.

ఆ మధ్యాహ్నమే అతన్ని గని ఆసుపత్రికి తీసుకెళ్లింది. నరాల డాక్టర్ ఫర్హానా అతని తలకు తీగలు అతికించి చాలాసేపు చూసింది. పక్కన ఉన్నట్టుండి పళ్లెం కింద పడేసింది. కళ్ల ముందుకు సూది తెచ్చింది. రాజేశం రెప్ప వేశాడంతే. గుండె వేగం ఒక్క గీత కూడా మారలేదు.

అతన్ని బయట కూర్చోబెట్టి, డాక్టర్ సమతను లోపలికి పిలిచింది.

"పాత ప్రోగ్రాం కొంచెం మొరటుది. సిగ్నల్‌తో పాటు చుట్టుపక్కల నరాలను కూడా గీకేది. ఆ గీకుడుకే వీళ్లకు భయం పుట్టేది. కొత్తది చాలా శుభ్రంగా పంపిస్తోంది. ఆ గీకుడును అనవసరమైన రొద అనుకుని అణిచేస్తోంది. కబురు అందుతోంది, భయం అందడం లేదు."

"మరి ఇంట్లో? టోపీ లేనప్పుడు కూడా ఎందుకిట్ల ఉన్నడు డాక్టర్?"

"తొమ్మిదేళ్లు సమతా. ఊరికి ఒక్కటే వంతెన ఉంటే బళ్లన్నీ దాని మీదే పోతాయి. ఇన్నేళ్లలో అతని భయాలన్నీ ఆ గింజ ఉన్న దారికే అలవాటు పడ్డాయి. ఇప్పుడు ఆ దారి మూసుకుంది."

"పాతది మళ్లీ ఎక్కిస్తా. ఇప్పుడే."

"ఎక్కించు" అంది ఫర్హానా. కానీ ఆమె గొంతులో ఆశ లేదు.

ఆసుపత్రి గదిలోనే సమత పాత ప్రోగ్రాం తిరిగి ఎక్కించింది. గింజ దాన్ని తీసుకుంది. డాక్టర్ మళ్లీ పళ్లెం పడేసింది. రాజేశం వంగి, పళ్లెం తీసి బల్ల మీద పెట్టాడు.

సోమవారం పొద్దున్నే సమత అన్నను వెంటబెట్టుకుని శేషగిరి గదిలోకి వెళ్లింది. జరిగిందంతా చెప్పింది. ఆయన వింటూ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"పరికరం పనిచేస్తోందని నువ్వే కదమ్మా చెప్పావు? యాప్ కూడా పనిచేస్తోంది. ఇంకేం చూడాలి మనం?"

"పరికరం పనిచేస్తోంది సార్. మనిషే పనిచేస్తలేడు."

"పాతదాంట్లోనే ఉండమంటావా? మళ్లీ ఫ్యాన్లు ఆగిపోతే?"

ఆయన మాటలో బెదిరింపు లేదు. ఆయన భయం ఆ గదంతా నిండినట్టు సమతకు అనిపించింది. మాట పెంచకుండా అన్న వైపు తిరిగింది.

"అన్నా, నువ్వు లోపల ఉన్నవనుకో. పురుగు పాకుతాంది. బండ కూలుతదని తెలిసింది. ఏం చేస్తవ్?"

"ఏం చేస్త? చేతిల పనుంటది గదా. అది అయినంక వస్త."

"కూలితే?"

"కూల్తది మరి."

శేషగిరి చేతిలో కళ్లజోడు బల్ల మీదికి జారింది. ఆయన లేచి నిలబడ్డాడు.

"సమతా, నువ్వు ఆమోదం నొక్కాక కొత్త ప్రోగ్రాం ఎక్కడం తనంతట తనే మొదలైపోయింది. టోపీలను చార్జింగ్‌కు పెట్టిన చోటే వాటిలోకి వెళ్తోంది, తలకు పెట్టుకోగానే గింజలోకి ఎక్కుతోంది. మొదట ఓదెలు జట్టుకు, ఈ పొద్దున్నే ఎక్కింది. ఇప్పుడు వాళ్లంతా లోపలే ఉన్నారు."

ఇద్దరూ కంట్రోలు గదికి పరుగెత్తారు. రాజేశం మాత్రం నడిచి వచ్చాడు.

తెర మీద ఓదెలు జట్టు ఉన్న చోట బండ కదలికలు చూపే గీతలు అప్పటికే లేస్తున్నాయి. బండ పొద్దున్నుంచీ మూలుగుతూనే ఉంది. మామూలు రోజైతే మొదటి మూలుగుకే ఆ చోటు ఖాళీ అయ్యేది. ఇప్పుడు బొగ్గు బెల్టు ఆగకుండా నడుస్తోంది. కింద మనుషులు పనిచేస్తూనే ఉన్నారు.

శేషగిరి గని ఫోన్ అందుకున్నాడు. నంబరు నొక్కి సమతకు ఇచ్చేశాడు. అవతల జట్టు పెద్ద ఓదెలు ఎత్తాడు. రాజేశంతో పాటు ఒకేసారి పనిలో చేరిన మనిషి.

"ఓదెలన్నా, నేను సమతను. పైకప్పు కదులుతాంది. అందరినీ తీసుకుని బయటికి రాండ్రి."

"అవునమ్మా, పొద్దుగాల సంది పాకుతనే ఉంది. మట్టి గూడ రాలుతాంది." అతని గొంతు చెట్టు కింద కూర్చుని మాట్లాడుతున్నంత తాపీగా ఉంది. వెనక ఎవరో పాట పాడుతున్నారు. "ఈ కొంచెం తవ్వి వస్తం."

"ఇప్పుడే రావాలె! సచ్చిపోతరు!"

"తెలుసు బిడ్డా. ఒర్రకు, వస్తం గదా."

ఫోన్‌లో నుంచి పెళ్లలు రాలిన చప్పుడు వినిపించింది. పాట ఆగలేదు. శేషగిరి ప్రమాద ఘంట మోగించాడు. అది కింద మోగడం ఫోన్‌లో స్పష్టంగా వినబడింది. దాన్ని విని ఎవరో నవ్వారు. సమత ఇంతవరకు మనుషుల కేకలకు భయపడింది గానీ, నవ్వుకు భయపడడం అదే మొదటిసారి. తను ఒక్కసారి నొక్కిన వేలు అక్కడిదాకా పోయి వాళ్లను పట్టుకుందనిపించింది.

"సార్, ఏం చెప్పాలి వీళ్లకు? ఏం చెప్తే వస్తరు?" అని ఏడ్చేసింది.

తలుపు దగ్గర నిలబడిన రాజేశం అప్పుడు నోరు తెరిచాడు.

"బెదిరియ్యకు చెల్లె. బెదిరిస్తే నాకు గూడ ఏం అనిపిస్తలేదు. షిఫ్టు అయిపోయిందను. షిఫ్టు అయిపోయిందంటే కాళ్లు వాటంతటవే నడుస్తయి."

శేషగిరి ఒక్క క్షణం అతని వంక చూసి, షిఫ్టు ముగింపు సైరన్ మీట లాగాడు. గడియారంలో మధ్యాహ్నం కూడా కాలేదు. సైరన్ దీర్ఘంగా కూసింది. ఫోన్‌లో పాట ఆగింది. "అప్పుడే అయిందా?" అన్నారెవరో. "ఓ, బంజెయ్యిండ్రి, నడువుండ్రి" అన్నాడు ఓదెలు. పనిముట్లు సర్దిన చప్పుడు. బెల్టు ఆగింది.

సమత, శేషగిరి, రాజేశం గని వాలు దారి నోటి దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. చీకట్లో నుంచి టోపీ దీపాలు వస్తున్నాయి. వాళ్లెవరూ పరుగెత్తడం లేదు. కబుర్లు చెప్పుకుంటూ, ఒకరి కోసం ఒకరు ఆగుతూ, ఒకచోట నిలబడి తలెత్తి పైకప్పు వైపు చూసి మళ్లీ నడుస్తూ వస్తున్నారు. ఒక్కో దీపం వెలుగులోకి రావడానికి యుగం పట్టినట్టుంది. సమత వాళ్లను చేతులు పట్టి లాగాలనుకుంది. శేషగిరి "రండయ్యా, రండి, రండి" అని గొణుగుతూనే ఉన్నాడు.

అందరికంటే వెనక ఓదెలు కనిపించాడు. వాలు సగం దాటాడు. అక్కడ ఆగి, నడుం తడుముకుని, వెనక్కి తిరిగాడు.

"ఓదెలన్నా! ఎటు పోతున్నవ్?"

"టిఫిన్ డబ్బా మరిచిన. మా ఇంటామె తిడ్తది" అని కేక వేసి, కిందికి నడిచాడు.

రాజేశం రెండు అడుగులు ముందుకు వేశాడు. సమత అతని చొక్కా రెండు చేతులతో పట్టుకుంది. శేషగిరి వాలులోకి దిగబోయి, పైకప్పు నుంచి మట్టి రాలడం చూసి అక్కడే ఆగిపోయాడు.

ముందు గాలి వచ్చింది. బొగ్గు ధూళితో వేడిగా, ముఖాల మీద కొట్టింది. చప్పుడు దాని వెనక వచ్చింది. అది పెద్దగా కూడా లేదు. ఎక్కడో దూరంగా బస్తాలు దించినట్టు ఉంది.

బయటికి వచ్చినవాళ్లు అక్కడే నిలబడి గని నోటి వైపు చూశారు. ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నారు. వాళ్లకు దుఃఖం వచ్చింది. కానీ ఒక్కడు కూడా వెనక్కి అడుగు వెయ్యలేదు. సమతే వాళ్లను ఒక్కొక్కరినీ తోసి దూరంగా జరిపింది.

రాజేశం చెంపల మీదుగా కన్నీళ్లు కారుతున్నాయి. "డబ్బా మరిస్తే నేనైనా పోదును చెల్లె" అన్నాడు. "ఎందుకు పోవద్దో ఇప్పటికీ నాకు తెలుస్తలేదు."

గనిలో పని కొన్నాళ్లు ఆగింది. పురుగుకు కొత్త ప్రోగ్రాం ఎక్కించడం ఆ రోజుతోనే మానేశారు. మిగతా పరికరాలన్నీ కొత్త సిస్టమ్‌కు మారాయి. శిలాశ్రవణికి మాత్రం పాత సిస్టమ్‌ను బయటి ప్రపంచంతో సంబంధం తెంచి, విడిగా ఒక గదిలో నడిపారు. విచారణలో సమత ఏదీ దాచలేదు. తను ఏం చూసిందో చెప్పింది. ఏం చూడలేదో అది కూడా చెప్పింది. మిగతా గనుల్లో ఇలాంటి మార్పులకు ఆమెనే రమ్మన్నారు. ఒంటికి అంటుకునే పరికరం ఏదైనా ముందు ఇంట్లో, కుటుంబం మధ్య నెల రోజులు చూడాలనీ, ఇంట్లోవాళ్లు సరేనంటేనే సరిపోయినట్టనీ ఆమె పట్టుబట్టింది. వాళ్లు ఒప్పుకున్నాకే వెళ్లింది. అయినా అప్పటినుంచి తెర మీద ఆకుపచ్చ కనబడితే ఆమె అరచేతులు చెమటపట్టేవి.

ఓదెలు జట్టులో చిన్నవాళ్లకు కొద్దికొద్దిగా భయం తిరిగి వచ్చిందని ఫర్హానా చెప్పింది. ఒకతను రాత్రి పీడకల వచ్చి లేచి కూర్చున్నాడట. అతని తల్లి తెల్లవారాక ఇంటింటికీ పోయి ఆ కబురు చెప్పింది. రాజేశానికి రాలేదు.

చలికాలం మొదట్లో సమత క్వార్టర్లకు వెళ్లింది. పొయ్యి దగ్గర, మెట్ల దగ్గర, కిటికీల దగ్గర భాగ్య గీతలు గీసి పెట్టింది. గీత దాటొద్దని చెబితే అతను దాటడు. చెప్పినమాట ఎప్పుడూ వినే మనిషే. కానీ ప్రపంచమంతా గీతలు గియ్యడం ఎవరి తరం?

"పాప కోసం ఇద్దరి భయం నేనే పడాలె" అంది భాగ్య. "ఈయన భయం గూడ నేనే పడాలె. పన్నా లేచినా గుండె దడదడే. నేను అలిసిపోయిన సమతా. ఒక్కపూట, ఒక్కపూట ఎవరన్న నాకు బదులు భయపడితే బాగుండు."

"ఈ పూట నేను పడతా వదినా. నువ్వు పండుకో" అంది సమత.

అన్నను తీసుకుని సంతకు బయలుదేరింది. బొగ్గు లారీల రోడ్డు దాటాలి. సమత రోడ్డు వైపు చూసింది. మలుపులో నుంచి లారీ ఒకటి వేగంగా వస్తోంది. ఉద్యోగంలో ఇన్నేళ్లు, ఎంత గందరగోళంలోనైనా ముఖం మీద ఏదీ కనపడనివ్వకుండా ఉండడం ఆమె నేర్చుకుంది. అన్నను చెయ్యి పట్టి ఆపబోయింది. కానీ అతను అప్పటికే ఆగి ఉన్నాడు. రోడ్డు వైపు చూడడం లేదు. తన ముఖం వైపు చూస్తున్నాడు.

"మీ డాక్టరమ్మ చెప్పలె, నాకు నేనే కనుక్కున్న" అన్నాడు. "మీ ముఖాలల్ల కనబడ్తది. ఆ భయం చూసి ఆగుత. కానీ నువ్వు దాచిపెడతవ్ చెల్లె. దాచిపెడితే నాకెట్ల తెలుస్తది?"

లారీ దగ్గరికి వచ్చింది. సమత తన ముఖాన్ని వదిలేసింది. కళ్లు పెద్దవయ్యాయి, పెదవులు అదిరాయి, గొంతులో నుంచి చిన్న పిల్లలు చేసే చప్పుడు ఒకటి వచ్చింది. రాజేశం ఆ ముఖాన్ని శ్రద్ధగా, అక్షరం అక్షరం చదువుకునేవాడిలా చూస్తూ, ఒక అడుగు వెనక్కి వేశాడు.